గల్ కాలికి కడెం: రంగు రింగుల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

హనుమకొండ నుంచి ఆదివారం తెల్లారుజామున బైనాక్యులర్లు మెడలో వేసుకుని చెరువుల వెంట తిరిగేవాళ్ళం నలుగురైదుగురం ఉన్నాం. కట్ట మీద ఎవరు ఎదురైనా ముందు అడిగేది "ఏం చూస్తున్నరు సార్, భూమి సర్వేనా?" అని. పిట్టలను చూస్తున్నామంటే ఒక నవ్వు నవ్వుతారు. పిట్టల కాళ్ళకు, అవి ఎక్కడి నుంచి వచ్చాయో తెలియడానికి వేసే నంబరు రింగులున్నాయేమో చూస్తున్నామంటే మాత్రం బండి స్టాండ్ వేసి మరీ దిగుతారు. అలా దిగినవాళ్ళు అడిగినవీ, మా పిల్లలూ వాళ్ళ బడి స్నేహితులూ అడిగినవీ కలిపి ఇక్కడ రాశాను.

గల్ అంటే ఏ పిట్ట? సముద్రం లేని తెలంగాణలో దానికేం పని?

తెలుగులో సముద్రపు కాకి అంటారు. ఆ పేరే తప్పుదారి పట్టిస్తుంది. దానికి కావలసింది పెద్ద నీళ్ళు, అందులో చేపలు. ఉప్పు నీళ్ళా మంచి నీళ్ళా అన్న పట్టింపు లేదు. అందుకే చలికాలంలో గోదావరి మీది పెద్ద రిజర్వాయర్లకు కూడా వస్తుంది.

మన వైపు చూడదగ్గవి ముఖ్యంగా రెండు. ఒకటి గోధుమ తల గల్, రెండోది దానికంటే కొంచెం చిన్నదైన నల్ల తల గల్. పేరు చూసి తల రంగు వెతికితే మోసపోతారు. ఆ రంగు గుడ్లు పెట్టే కాలానిది. మన దగ్గరికి వచ్చేసరికి రెండింటికీ తల తెల్లబడి, కన్ను వెనకాల మసి బొట్టు మాత్రం మిగులుతుంది, అచ్చం పసిపిల్లకు దిష్టి చుక్క పెట్టినట్టు. తేడా కావాలంటే కన్ను చూడండి. ఎదిగిన గోధుమ తల గల్‌కు కన్ను పాలిపోయినట్టు తెల్లగా ఉంటుంది, నల్ల తల దానికి నల్లగా ఉంటుంది. రెక్కల కొసలు కూడా పనికొస్తాయి. గోధుమ తల దానికి కొసన నలుపు ఎక్కువ, ఆ నలుపులో తెల్ల మచ్చలు.

ఊరి చెరువుల మీద ఎగురుతూ కనిపించే తెల్లటివి చాలావరకు గల్స్ కావు, టెర్న్‌లు. సన్నటి ఒళ్ళు, చీలిన తోక, గాల్లోంచి నీళ్ళ మీదికి వాలి చేపను ఎత్తుకుపోతాయి. గల్ రెక్కలు వెడల్పు, నీళ్ళ మీద బాతులా కూర్చుంటుంది. మొదటి ఏడాది నేను టెర్న్‌లన్నింటినీ గల్స్ అని రాసుకున్నాను. ఆ నోట్‌బుక్ ఇప్పుడు ఎవరికీ చూపించను.

ఎక్కడి నుంచి వస్తాయి?

గోధుమ తల గల్స్ గుడ్లు పెట్టేది టిబెట్, లడఖ్ లాంటి ఎత్తైన చోట్ల సరస్సుల దగ్గర. లడఖ్‌లో సో మోరిరీ అని ఒక సరస్సు ఉంది, సముద్ర మట్టానికి సుమారు 4,500 మీటర్ల ఎత్తున. మ్యాప్ తీసి చూడండి: ఆ సరస్సూ మన పోచంపాడు దగ్గరి శ్రీరాంసాగర్ ప్రాజెక్టూ దాదాపు ఒకే నిలువు గీత మీద ఉంటాయి. పోచంపాడు కట్ట మీద నిలబడి ముక్కుకు సూటిగా ఉత్తరం వైపు 1,550 కిలోమీటర్లు పోతే అక్కడికి చేరతారు.

అయితే పోచంపాడులో మనం చూసిన గల్ అక్కడి నుంచే వచ్చిందా, టిబెట్‌లో ఇంకో సరస్సు నుంచి వచ్చిందా? అన్నీ ఒకేలా ఉంటాయి, మొహం చూసి చెప్పలేం. రింగు సంగతి మొదలయ్యేది సరిగ్గా ఇక్కడే.

పిట్ట కాలికి రింగు వేసే ఆలోచన ఎవరిది?

డెన్మార్క్‌లో విబోర్గ్ అనే ఊళ్ళో మోర్టెన్సెన్ అనే బడి పంతులుది. ముందు జింకు రింగులు వేసి చూశాడు, బరువెక్కువైంది. 1899లో అల్యూమినియం రింగుల మీద నంబరూ చిరునామా చెక్కి గోరింకల జాతి పిట్టలకు వేశాడు. ఇవాళ ప్రపంచమంతా చేసేది అదే పని.

మన దేశంలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ 1927లో మొదలుపెట్టింది. అసలు ఊపు వచ్చింది మాత్రం ఒక జబ్బు వల్ల. 1957లో కర్ణాటకలోని క్యాసనూర్ అడవిలో కోతులూ మనుషులూ ఒక కొత్త జ్వరంతో చనిపోయారు. రష్యాలో ఉన్న ఒక జబ్బుకు అది దగ్గరగా ఉండటంతో, వలస పిట్టల ఒంటి మీది గోమార్లు మోసుకొచ్చాయేమో అన్న అనుమానం పుట్టింది. దాంతో 1959లో పక్షి శాస్త్రవేత్త సలీం అలీ ఆధ్వర్యంలో, ప్రపంచ ఆరోగ్య సంస్థ సాయంతో పెద్ద ఎత్తున పిట్టలను పట్టి రింగులు వేయడం మొదలైంది. మన బాతులు సైబీరియా దాకా పోతాయని ఇవాళ అందరూ తేలిగ్గా అనేస్తారు గానీ, ఆ మాటకు ఆధారం అక్కడ ఎవరి చేతికో దొరికిన రింగులే.

లోహపు రింగు ఉండగా మళ్ళీ రంగుది ఎందుకు?

లోహపు రింగు మీది అంకెలు చదవాలంటే పిట్ట చేతిలో ఉండాలి. అంటే మళ్ళీ పట్టుబడాలి, లేదా చచ్చి దొరకాలి. చిన్న పిట్టలకు వెయ్యి రింగులు వేస్తే తిరిగి కబురు వచ్చేది వేళ్ళ మీద లెక్కపెట్టేటన్నే.

రంగు రింగు ప్లాస్టిక్‌ది, వెడల్పుగా ఉంటుంది. రెండు రంగుల పొరలున్న ప్లాస్టిక్ రేకు మీద అక్షరాలు చెక్కితే కింది పొర రంగు బయటపడుతుంది. బండి నంబర్ ప్లేట్ అనుకోండి. దూరం నుంచి టెలిస్కోపుతోనో కెమెరాతోనో చదవొచ్చు, పిట్టకు తెలియను కూడా తెలియదు. ఒకే పిట్టను ఒక చలికాలంలో పదిసార్లు చదవొచ్చు. లోహపు రింగు దాని బతుకులో ఒకసారి మాట్లాడితే గొప్ప. రంగు రింగు ఊరూరా మాట్లాడుతుంది.

రెండూ వేస్తారు. లోహపుది ఒక కాలికి, రంగుది రెండో కాలికి వేయడం మామూలు. ఏ రంగు ఎవరిదో ముందే పంచుకుంటారు, ఇద్దరు ఒకటే కోడ్ వాడితే మొత్తం గందరగోళమే కాబట్టి.

గల్స్‌ను ఎలా పడతారు?

చోటును బట్టి మారుతుంది. గూళ్ళ దగ్గరైతే అన్నింటికంటే తేలిక. ఇంకా ఎగరలేని పిల్లలను చేత్తోనే పట్టుకుంటారు. వాటికి వేసిన రింగుకు విలువ కూడా ఎక్కువ, పుట్టిన చోటూ పుట్టిన ఏడూ ఖాయంగా తెలుస్తాయి కాబట్టి.

ఎదిగినవాటిని పట్టడానికి యూరప్‌లో ఫిరంగి వల వాడతారు. వలను మడతపెట్టి నేల మీద పరిచి, గుంపు మేతకు చేరగానే మందుగుండుతో దాన్ని వాటి మీదుగా ఎగరేస్తారు. లండన్ దగ్గర థేమ్స్ నది పక్కన ఈ పని చెత్త డంపింగ్ యార్డుల్లో చేస్తారు, గల్స్ వేలల్లో చేరేది అక్కడే మరి. ఈ మాట చెబితే మా స్నేహితుడొకడు "అయితే మడికొండ డంపింగ్ యార్డుకు పోదాం పద" అన్నాడు. మడికొండలో దొరికేవి గద్దలూ కొంగలే. మన దగ్గరికి వచ్చిన గల్స్ చెత్త కంటే చేపల వెంటే ఎక్కువ పడతాయి. మందుగుండు బదులు రబ్బరు తాళ్ళతో ఎగరేసే వలలూ, కాళ్ళకు తగులుకునే చిన్న ఉచ్చులూ కూడా ఉన్నాయి. పార్కుల్లో బ్రెడ్డు ముక్కలు చల్లి ఒట్టి చేత్తో పట్టేవాళ్ళూ ఉన్నారు.

మన దేశంలో ఈ విద్య తరతరాలుగా తెలిసినవాళ్ళు బీహార్ మీర్‌షికార్లు. ఒకప్పుడు అమ్మడానికి పిట్టలను పట్టిన కుటుంబాలు, తర్వాత అవే ఉచ్చులతో రింగింగ్ శిబిరాలకు పట్టిపెట్టాయి. పిట్ట ఈక రాలకుండా పట్టడం వాళ్ళ దగ్గర నేర్చుకోవాల్సిందే.

పట్టాక ఏం చేస్తారు?

నేను రింగింగ్ చూసింది తమిళనాడు తీరంలో ఒక శిబిరంలో, నోట్‌బుక్ రాసే సహాయకుడిగా. పిట్టలను వల నుంచి తీసి ఒక్కొక్కదాన్నీ నూలు సంచిలో వేస్తారు. చీకట్లో అవి నెమ్మదిస్తాయి. మొదటి రోజు నేను సంచులు కదులుతున్నాయని కంగారుపడి రెండుసార్లు తెరవబోయాను, తిట్లు పడ్డాయి.

మూడో రోజు ఒక గల్‌ను పట్టుకోమని నా చేతికిచ్చారు. వీపు అరచేతికి ఆనాలి, మెడ చూపుడు వేలికీ మధ్య వేలికీ నడుమ వదులుగా ఉండాలి, మిగతా వేళ్ళు రెక్కలను మూసి ఉంచాలి. బిగిస్తే ఊపిరాడదు, ఎందుకంటే పిట్ట ఊపిరి తీసేటప్పుడు ఛాతీ ఎముక ముందుకు కదలాలి. చూడ్డానికి కోడి పెట్టంత ఉంది గానీ చేతిలో బరువే లేదు. వేలికొసకు దాని గుండె తగులుతూనే ఉంది, కొట్టుకోవడం కాదు, మోటారు ఆడుతున్నట్టు ఒకటే అదురు. ముక్కుతో నా బొటనవేలి పక్క చర్మం పట్టి మెలిపెట్టింది. అంతటితో ఆగకుండా పొద్దున తిన్న చేపను నా చొక్కా మీద కక్కింది. ఆ వాసన బస్సులో నాతోపాటే ఇంటికి వచ్చింది.

రింగు వేసేది పావు నిమిషం పని. తెరిచి ఉన్న లోహపు రింగును కాలికి తొడిగి, దానికోసమే చేసిన రంధ్రాలున్న పట్టకారుతో నొక్కుతారు. రెండు అంచులు కలిసిపోవాలి. గోరు దూరేంత సందు మిగిలినా దారమో గడ్డిపోచో ఇరుక్కుంటుంది. తర్వాత రింగు పైకీ కిందికీ జారుతోందా, గుండ్రంగా తిరుగుతోందా చూస్తారు. రంగు రింగు చుట్ట తిరిగి ఉంటుంది, చెంచాలాంటి పనిముట్టుతో విప్పి తొడిగితే దానంతటదే మళ్ళీ చుట్టుకుంటుంది. ఆ తర్వాత రెక్క పొడవు, ముక్కు పొడవు, బరువు. బరువు తూచడానికి పిట్టను తలకిందులుగా గొట్టంలో పెడతారు. చూడ్డానికి నవ్వొస్తుంది గానీ, అందులో అది కిక్కురుమనదు.

దానికి నొప్పి కాదా? బరువు కాదా?

కాలి ఆ భాగంలో కండ ఉండదు, ఎముకా పొలుసులే. సరైన సైజు రింగు మన చేతి గడియారమంత ఇబ్బంది కూడా పెట్టదు. అయినా పట్టుబడటం పిట్టకు టెన్షనే, కాదనడం అబద్ధం. అందుకే మధ్యాహ్నపు ఎండలో, వానలో పని ఆపేస్తారు. పది పిట్టలు చేతికి అందుతాయంటే పది మాత్రమే పడతారు, వంద పట్టి ఎండలో సంచుల్లో ఉంచరు. సైజు తప్పిన రింగు, తొందరపడిన చెయ్యి పిట్ట కాలును చెడగొడతాయి. శిక్షణ లేకుండా ఎవరినీ దగ్గరికి రానివ్వకపోవడం అందుకే.

పిట్ట ఎక్కడెక్కడికి పోతోందో తెలియడానికి దాని ఒంటికి కట్టే జీపీఎస్ యంత్రానికైతే మామూలుగా పాటించే హద్దు పిట్ట బరువులో 3 శాతం. అర కిలో గల్‌కు 15 గ్రాములు. అరవై కిలోల మనిషి కిలో ముప్పావు సంచి మోసినట్టు.

నాకూ నేర్పిస్తారా? మా చెరువులో నేను వేయొచ్చా?

సొంతంగా వేయకూడదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో వేట అంటే చంపడం ఒక్కటే కాదు, పట్టడం, ఉచ్చు పెట్టడం కూడా వేటే. శాస్త్ర పరిశోధనకైనా రాష్ట్ర చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి కావాలి. మంచి ఉద్దేశంతో పట్టాను అంటే చట్టం ఊరుకోదు.

ఇది చెప్పినప్పుడల్లా నాకు దసరా గుర్తొస్తుంది. పాలపిట్టను చూస్తే శుభమని మనం జమ్మి దగ్గరికి పోతాం. అక్కడ ఎవడో పాలపిట్టను పంజరంలో పెట్టి, రెక్కలు కట్టేసి, పది రూపాయలకు దర్శనం ఇప్పిస్తాడు. రాష్ట్ర పక్షి అది. రింగు వేయడం పాపం కాదా అని నన్ను నిలదీసిన పెద్దమనిషే ఆ పంజరానికి దండం పెట్టడం నా కళ్ళతో చూశాను.

మరి వరంగల్‌లో ఉండి మేం చేయగలిగింది ఏముంది?

చదవడం. లడఖ్‌లోనో మంగోలియాలోనో ఎవరో కష్టపడి రింగు వేసి వదిలితే, ఆ పిట్ట వచ్చి దిగే చోట చూసే కళ్ళు లేకపోతే ఆ కష్టమంతా నీళ్ళపాలు. పట్టేవాళ్ళు ప్రపంచం మొత్తం మీద కొద్దిమందే, చదివేవాళ్ళు ఎంతమంది ఉన్నా తక్కువే. మంగోలియాలో మెడపట్టీలు వేసిన బార్ హెడెడ్ బాతులను కర్ణాటక చెరువుల్లో చదివింది కూడా ఇలా ఊరికే చూడ్డానికి పోయినవాళ్ళే. ఆ బాతులు మన జలాశయాలకూ వస్తాయి, కాబట్టి గల్స్ కోసం పోయినప్పుడు వాటి మెడలు కూడా చూడండి.

ఎక్కడికి, ఎప్పుడు పోవాలి?

నవంబరు నుంచి మార్చి దాకా. గల్స్ కోసమైతే పెద్ద నీళ్ళ దగ్గరికి పోవాలి: శ్రీరాంసాగర్ బ్యాక్‌వాటర్, కరీంనగర్ దగ్గర లోయర్ మానేరు, ఎల్లంపల్లి, కడెం. మా వాళ్ళు రింగును కడెం అంటారు కాబట్టి "కడెంలో కడెం పిట్ట దొరికిందా?" అనేది మా పాత జోకు. శ్రీరాంసాగర్ బ్యాక్‌వాటర్ తగ్గినచోట పచ్చిక మొలుస్తుంది, అక్కడ కృష్ణజింకలు కూడా కనిపిస్తాయి, పిల్లలను తీసుకెళితే విసుగుపడరు. పాఖాల, లక్నవరం, రామప్ప చెరువులు బాతులకు బాగుంటాయి గానీ గల్స్ కోసం నేనైతే అంత దూరం పోను.

పొద్దున ఎండ మీ వీపు మీద పడేట్టు నిలబడండి. చేపల వలలు ఒడ్డుకు చేరే వేళ అయితే మరీ మంచిది, గల్స్ వాటంతటవే దగ్గరికి వస్తాయి.

రింగు ఎలా చదవాలి?

ముందు కాళ్ళు కనబడాలి. గల్ నీళ్ళ మీద ఉన్నంతసేపూ మీకు పని లేదు. ఇసుక దిబ్బ మీదో రాయి మీదో నిలబడ్డప్పుడే చూడాలి, అదీ ఒంటికాలి మీద నిద్రపోకుండా ఉంటే.

కోడ్ చాలావరకు నిలువుగా, కింది నుంచి పైకి చదివేట్టు చెక్కి ఉంటుంది, రింగు చుట్టూ రెండు మూడు సార్లు. కాబట్టి పిట్ట తిరిగేదాకా ఆగితే అక్షరాలన్నీ వస్తాయి. ఏ కాలికి, మోకాలిలా కనిపించే కీలుకు పైనా కిందా, రింగు రంగు, అక్షరాల రంగు, ఇవన్నీ రాసుకోండి. సాయంత్రం వెలుగులో నారింజ రంగు ఎరుపులా కనిపిస్తుంది. పాత రింగులు వెలిసిపోతాయి. ఎనిమిదికీ ఆంగ్ల బి అక్షరానికీ తేడా పోల్చుకోలేకపోతే రెండూ రాయండి, ఒకటి ఊహించి రాయకండి.

నా సంగతే చెబుతాను. ఒక జనవరిలో బ్యాక్‌వాటర్ అంచున రాయి మీద గల్, ఎడమ కాలికి తెల్ల రింగు. చేతులు వణికాయి. మొదటి అక్షరం స్పష్టంగా కనబడింది, రెండోదీ కనబడింది, మూడోదాని మీద బురద. అది కాలు దులుపుకుంటుందని నలభై నిమిషాలు మోకాళ్ళ మీద కూర్చున్నాను. ఈలోగా వెనక నుంచి గేదెలు తోలుకుంటూ ఒకాయన వచ్చి "గా పిట్టకు బేడీ ఎవరేసిండ్రు సారూ?" అని గట్టిగా అడిగాడు. పిట్ట లేచిపోయింది. ఆయన మీద కోపం రాలేదు, ఎందుకంటే టెలిస్కోపు లేకుండా ఆ దూరం నుంచి రింగును చూసింది ఆయన కళ్ళు. అప్పటి నుంచీ ఆయన నంబరు నా ఫోన్‌లో ఉంది.

రెండు అక్షరాలైనా పంపొచ్చు. రంగూ కాలూ సరిగ్గా ఉంటే ఎవరు వేశారో అయినా తేలుతుంది.

ఫోన్ కెమెరా చాలదా?

చాలదు. జూమ్ ఉన్న కెమెరా అయితే ఒక్క ఫొటో కాదు, వరసగా ఇరవై తీయండి. దగ్గరికి పోయి గుంపును లేపడం మాత్రం వద్దు.

చదివాక ఎవరికి చెప్పాలి?

మన దేశంలో ముంబైలోని బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి. లోహపు రింగు మీద వాళ్ళ పేరే ఆంగ్లంలో కుదించి ఉంటుంది, సమాచారం ఇవ్వండి అని. విదేశీ రంగు రింగులైతే, ఏ రంగు ఏ బృందానిదో చూపించే పట్టికలు ఆన్‌లైన్‌లో ఉన్నాయి. తేదీ, చోటు, ఫొటో, పిట్ట బతికి ఉందా లేదా రాయండి. చోటు రాసేటప్పుడు "ఊరి చెరువు" అని వదిలేయకుండా మండలం పేరూ, మ్యాప్ పిన్నూ ఇవ్వండి. తెలంగాణలో ఊరి చెరువు, పెద్ద చెరువు లేని ఊరే లేదు.

జవాబుగా దాని కథ వస్తుంది: ఎక్కడ, ఏ రోజు రింగు వేశారు, అప్పుడు పిల్లా పెద్దదా, మధ్యలో ఎక్కడెక్కడ కనబడింది. డబ్బులేం రావు. ఈ మాట ముందే చెప్పకపోతే తర్వాత గొడవ.

చేపల వలలో రింగున్న పిట్ట చిక్కింది. ఏం చేయాలి?

బతికుంటే తల మీద తువ్వాలు కప్పి, వల పోగులు కత్తెరతో కోసి, రింగుకు ఫొటో తీసి వదిలేయండి. రింగు తీయొద్దు. లాగితే కాలు విరుగుతుంది, పైగా దాని కథ అక్కడితో ఆగిపోతుంది.

చనిపోయి ఉంటే ఒట్టి చేత్తో ముట్టుకోవద్దు. 2005లో చైనాలోని చింగ్‌హాయ్ సరస్సు దగ్గర బర్డ్ ఫ్లూతో చనిపోయిన వేల పిట్టల్లో గోధుమ తల గల్స్ కూడా ఉన్నాయి. ఒకేచోట చాలా పిట్టలు చచ్చి కనబడితే రింగు సంగతి పక్కనపెట్టి ముందు పశుసంవర్ధక శాఖకూ అటవీ శాఖకూ చెప్పండి.

కాలికి ఉన్నది రింగేనా అని కూడా చూడండి. సంక్రాంతి తర్వాత మాకు వచ్చే ఫోన్లలో ఎక్కువ భాగం నైలాన్ మాంజా చుట్టుకున్న కొంగలవే. ఆ మాంజాను 2017లోనే జాతీయ హరిత ట్రిబ్యునల్ నిషేధించింది. దుకాణాల్లో మాత్రం దొరుకుతూనే ఉంది.

పావురం కాలికి రింగుంది. అది కూడా ఇదేనా?

కాదు, అది పెంచుకునేవాళ్ళది. పందెం పావురం అయ్యుంటుంది.

కోడ్, జీపీఎస్ అంటున్నారు. గూఢచారి పిట్ట కాదు కదా?

ఈ భయం మన ఒక్కరిదే కాదు. 2011లో ఇజ్రాయెల్ విశ్వవిద్యాలయం జీపీఎస్ కట్టిన రాబందును సౌదీలో గూఢచారి అన్నారు. ముంబైలో ఒక పావురం చైనా గూఢచారి అన్న అనుమానంతో పశువుల ఆసుపత్రిలో ఎనిమిది నెలలుంది. చివరికి తైవాన్ పందెం పావురమని తేలి 2024 జనవరిలో బయటపడింది. అలాంటి పిట్ట దొరికితే అటవీ శాఖకు ఫోన్ చేయండి. వీడియో తీసి గ్రూపుల్లో పెట్టడం తర్వాత చూసుకోవచ్చు.

జీపీఎస్ వచ్చాక ఇంకా రింగులెందుకు?

ఖరీదు. ఒక యంత్రం ధరకు కొన్ని వందల రింగులు వస్తాయి. యంత్రం కొన్నేళ్ళకు ఆగిపోతుంది, రింగు పిట్టతోపాటు ముసలిదవుతుంది. నల్ల తల గల్స్ 30 ఏళ్ళు దాటి బతుకుతాయని తెలిసింది రింగుల వల్లే. పసిఫిక్ మహాసముద్రంలోని మిడ్‌వే దీవిలో విజ్‌డమ్ అని ఒక ఆల్బట్రాస్ ఉంది, అది ఒక పెద్ద సముద్రపు పిట్ట. దానికి 1956లో చాండ్లర్ రాబిన్స్ అనే ఆయన రింగు వేశాడు. 2002లో మళ్ళీ అదే దీవిలో ఆయన చేతికే అది దొరికింది. ఆయన చనిపోయాడు. అది 2024లో కూడా గుడ్డు పెట్టింది.

ఎప్పుడో దొరికిన రింగు ఇంట్లో ఉంది. ఇప్పుడు చెప్పినా లాభం ఉందా?

ఉంది, చెప్పండి. లోయర్ మానేరు దగ్గర థర్మాకోల్ తెప్ప మీద చేపలు పట్టే ఒకాయన నాకు తాళాల గుత్తి చూపించాడు. బీరువా తాళంచెవి పక్కన అల్యూమినియం రింగు వేలాడుతోంది. ఎన్నేళ్ళ కింద దొరికిందో సరిగ్గా గుర్తులేదు, "పెద్దబిడ్డ పెండ్లికి ముందు" అన్నాడు. తాళంచెవి రాసుకుని రాసుకుని మొదటి రెండు అంకెలు అరిగిపోయాయి. పెన్సిల్‌తో కాగితం మీద రుద్ది మిగిలినవి తీసుకున్నాం, పెళ్ళి ఏడు ఆయన భార్యను అడిగి రాసుకున్నాం. రింగు మళ్ళీ ఆయన గుత్తికే తగిలించాం. మీరూ ఇంట్లో వెతకండి, తాళాల గుత్తులూ పోపుల డబ్బాలూ ముందు చూడండి.